డ్రైవరు ఫోను కూడా లాక్కున్న క్వయర్ లీడరు

ఊళ్లు తిరిగి పాడే పిల్లల క్వయర్‌లో సెల్ ఫోన్లు నిషేధించాలా వద్దా అనే చర్చ ఎక్కడ మొదలైనా, చుట్టూ ఉన్నవాళ్లు ముందు నా వైపు చూస్తారు. తర్వాత చున్నీలు అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ విషయం మీద నోరు విప్పే అర్హత బెజవాడ నుంచి బందరు దాకా నాకున్నంతగా ఇంకెవరికీ లేదు. ఎందుకంటే నేను నిషేధించాను. మామూలుగా కాదు, ఒక్క ఫోను కూడా మిగలకుండా నిషేధించాను. ఆ దెబ్బకి ఒక ఊరు ఊరంతా మా కోసం వెతుక్కుంది. ఆ ఘోరం ఎలా జరిగిందో నేనే చెబుతాను. వేరేవాళ్లు చెబితే ఇంకా ఘోరంగా ఉంటుంది.

అప్పటికి నా డిగ్రీ అయిపోయింది, గవర్నర్‌పేటలో ఒక చిన్న స్కూల్లో టీచరుగా చేరాను. మా మందిరం, అంటే మా చర్చి కూడా అక్కడే, హోల్‌సేల్ షాపుల వెనక సందులో. యూత్ క్వయర్‌ని నడిపించే అన్నయ్యకి బెంగుళూరులో ఉద్యోగం రావడంతో ఆ పదవి నాకిచ్చారు. పదవి చిన్నదే. నేనే దాన్ని కలెక్టరు ఉద్యోగంలా చేశాను. పిల్లలు ఎదురుగా 'సువార్తక్కా' అనేవాళ్లు, వెనకాల ఏమనేవాళ్లో ఇక్కడ రాయను.

డిసెంబరు వస్తే మా వాళ్లకి ఒక్క క్రిస్మస్ సరిపోదు. పండగ ఇంకా రాకముందే ప్రతి ఊళ్లోనూ సెమీ క్రిస్మస్ అని ఒకటి చేసుకుంటారు. స్టార్లు కడతారు, మైకులు పెడతారు, బయట ఊరి నుంచి క్వయర్‌ని పిలిపిస్తారు. ఆ నెలంతా మాలాంటి వాళ్లకి కాలు ఇంట్లో నిలవదు. ఈరోజు మైలవరమైతే రేపు ఇంకోటి.

అసలు చిచ్చు ఆ మైలవరంలోనే రాజుకుంది. మా పిల్లలు పాట చూసుకునేది ఫోన్లోనే కదా. కింది గొంతు, అంటే ఆల్టో పాడే అమ్మాయి ఒకతె ఫోను చూస్తూ, కళ్లు అరమూసి, ఎంతో భక్తిగా పాడుతోంది. సరిగ్గా చరణం మధ్యలో వాళ్లమ్మ నుంచి ఫోనొచ్చింది. కట్ చెయ్యబోయి ఎత్తింది. పైగా స్పీకర్ నొక్కేసింది. మైకు నోటి దగ్గరే ఉంది.

"ఏమే, స్వెట్టరేసుకున్నావా లేదా?" అని వాళ్లమ్మ గొంతు మైలవరం మొత్తానికి వినిపించింది.

"ఆ, వేసుకున్నానమ్మా" అంది మా అమ్మాయి, అంతే భక్తిగా.

"అబద్ధాలాడకు! స్వెట్టరు ఇక్కడే కుర్చీ మీదుంది!"

ముందు వరసలో కూర్చున్న పెద్దలు నవ్వాపుకోలేక ప్రార్థన చేస్తున్నట్టు తలలు వంచుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మర్నాడు ప్రాక్టీసులో బల్ల గుద్ది ప్రకటించాను.

"ఈసారి టూర్‌కి ఎవరూ ఫోను తేకూడదు. అంతే."

కీబోర్డు వాయించే దావీదు నాకు పుట్టుకతో ప్రతిపక్షం. "పాటలెలా చూడాలక్కా?" అన్నాడు.

"కంఠతా పట్టండి. మన అమ్మమ్మలు ఫోన్లు చూసుకుని పాడారా?"

"మన అమ్మమ్మలు ఏసీ వ్యానులో కూడా వెళ్లలేదక్కా. వ్యాను కూడా వద్దా?"

"ఎక్కువ మాట్లాడకు."

"మరి దారిలో ఏదైనా అవసరమొస్తే? ఇంట్లోవాళ్లు కంగారుపడితే?"

"నేనున్నాగా."

"నీ ఫోను నీ దగ్గరుంటుందా?"

ఇక్కడే, చూడండి, నాయకత్వం నా తలకెక్కింది. ఆదర్శంగా ఉండాలి కదా! "నాది అందరికంటే ముందు బీరువాలో పెడతాను" అనేశాను. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అది నా త్యాగానికి మెచ్చుకోలు అనుకున్నాను.

ఆ తర్వాత ప్రోగ్రాం ఉయ్యూరు దాటాక ఒక ఊళ్లో. అది మామూలు ప్రోగ్రాం కాదు. మా క్వయర్‌లో అందరికంటే చిన్నది కీర్తన. టెన్త్ చదువుతోంది, గొంతు తేనె, ధైర్యం మాత్రం సున్నా. వాళ్ల అమ్మమ్మ మరియమ్మగారు ఈ మధ్యే ఆ ఊళ్లో ఉన్న చిన్నకొడుకు దగ్గరికి మారారు. మనవరాలు స్టేజీ మీద ఒంటరిగా పాడుతుంటే ఒక్కసారి చూడాలని ఆవిడ కోరిక. అక్కడి పాస్టరుగారి వెంటపడి, సంఘపెద్దల ప్రాణం తీసి, మమ్మల్ని పిలిపించారు. బెజవాడ నుంచి నా మనవరాలొస్తోంది, పాడుతుంది, వచ్చి వినండి అని ఇంటింటికీ తిరిగి చెప్పారట. కీర్తన మాత్రం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

"అమ్మా, పిల్ల భయస్తురాలు. నన్ను చూస్తే పాడేస్తుంది. జాగ్రత్తగా నా ముందుకి తీసుకురా" అన్నారు ఆవిడ ఫోన్లో.

"నాదీ పూచీ అమ్మమ్మగారూ!" అన్నాను, ఆవిడ మాట పూర్తవకముందే.

తర్వాత కీర్తన చిన్న మావయ్య లైన్లోకొచ్చి దారి చెప్పాడు. ఉయ్యూరు దాటి, చెరకు తోటల్లోంచి వచ్చి, ఊళ్లోకి తిరిగాక పెద్ద స్టార్ కట్టిన మందిరం. "లొకేషన్ వాట్సాప్‌లో పెట్టానండి. ఎందుకైనా మంచిది, ఊళ్లోకి రాగానే నాకో ఫోన్ కొట్టండి, నేనే ఎదురొస్తాను" అన్నాడు. స్టారు వరకు నాకు బాగా గుర్తుంది. మిగతాది గుర్తుండి మాత్రం ఏం లాభం?

బయలుదేరే రోజు మధ్యాహ్నం మందిరం మేడ మీద వెనక గదిలో పాత ఇనప బీరువా తెరిచి, ముందు నా ఫోను లోపల పెట్టి దాని పక్కన నిలబడ్డాను. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఫోన్లు అందులో పెట్టారు. ఒకమ్మాయి తన ఫోనుకి ముద్దుపెట్టి మరీ పెట్టింది. అందరూ పెట్టాక తాళం వేసి, తాళంచెవి పర్సులో వేసుకున్నాను. వాచ్‌మన్ బాబాయి దూరం నుంచి అంతా చూస్తున్నాడు. కిందికొచ్చి వ్యాను ఎక్కబోతుంటే డ్రైవరు వెంకటేశ్వర్లుగారి ముందు ఫోను కనబడింది, స్టాండులో పెట్టి ఉంది.

"అంకుల్, అది కూడా ఇచ్చెయ్యండి."

"నాదెందుకమ్మా? నేను పాడను కదా!"

"రూలంటే అందరికీ రూలే అంకుల్. పిల్లలు చూస్తున్నారు. మీ దగ్గరుంటే వీళ్లు మిమ్మల్ని బతిమాలి తీసుకుంటారు."

"మరి దారెట్టా తెలుస్తదమ్మా?"

"ఉయ్యూరు దారి మీకు తెలీదా?"

"ఉయ్యూరు తెలుసు. ఆ తర్వాతే…"

"ఆ తర్వాత నేను చెబుతా."

నాకంటే రెట్టింపు వయసున్న మనిషి. స్టాండులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టాడు. మళ్లీ పైకి వెళ్లి బీరువా తెరిచి దాన్నీ లోపల పడేశాను. ఆరోజు నాకు ఎదురు చెప్పగలిగినవాడు బెజవాడలో లేడు.

నిజం చెప్పొద్దూ, ప్రయాణం అద్భుతంగా సాగింది. ఫోన్లు లేకపోయేసరికి పిల్లలకి ఒకళ్లకొకళ్లు కనబడ్డారు. బెంజ్ సర్కిల్ దాటకముందే పాటలు మొదలయ్యాయి, పెనమలూరు దగ్గర అంత్యాక్షరి, కంకిపాడులో వేడివేడి బజ్జీలు. "చూశావా దావీదూ?" అన్నాను. "చూశానక్కా. టైమెంతైందో మాత్రం ఎవరికీ తెలీట్లేదు" అన్నాడు వాడు. ఉయ్యూరు దాటాక చెరకు ట్రాక్టర్ల వెనక చిక్కుకుని నత్తలా కదిలాం. ఊళ్లోకి తిరిగేసరికి పొద్దు వాలిపోయింది. తిరగ్గానే, అదిగో, పెద్ద స్టారు! సీరియల్ లైట్లు, షామియానా, గేటు దగ్గర జనం. మా వ్యానులోంచి కీబోర్డు కనబడిందో, అమ్మాయిల ఒకే రంగు చీరలు కనబడ్డాయో, మేం ఆగకముందే చప్పట్లు కొట్టారు.

"వచ్చేశారు! అయ్యగారూ, క్వయరోళ్లొచ్చేశారు!"

ఆ ఊళ్లో మందిరాలు రెండున్నాయి. ఒకటి ఊరి మొదట్లో, రెండోది కాలవ వంతెన అవతల. రెండింట్లోనూ ఆ సాయంత్రమే సెమీ క్రిస్మస్. రెండూ బయట క్వయర్ల కోసం ఎదురుచూస్తున్నాయి. ఈ సంగతులన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు నాకు కనబడింది ఒక్క స్టారే.

పాస్టరుగారు రెండు చేతులూ జోడించి ఎదురొచ్చారు. "వందనాలండి, వందనాలు! దారిలో బండి ఆగిపోయిందటగా, బాగైందా?"

మా బండి ఎక్కడా ఆగలేదు. బజ్జీల కోసం ఆపాం, అంతే. ఆ సంగతి ఈయనకెలా తెలిసిందబ్బా అనుకున్నాను. పెద్దాయన అంత ప్రేమగా అడిగితే కాదనడం ఏం మర్యాద?

"ఆ, బాగైందండి!" అన్నాను.

మా వైపు వచ్చిన అతిథిని మీరెవరు, ఎక్కడివాళ్లు అని అడగడం మహా అపచారం. ముందు మంచినీళ్లు, తర్వాత టీ, ఆపైన కుర్చీ. ఆయన నన్ను 'అమ్మగారూ' అన్నారు, నేనాయన్ని 'అయ్యగారూ' అన్నాను. ఆయన పేరు నాకు తెలీదు, నా పేరు ఆయనకి తెలీదు, ఇద్దరం ఎంతో ఆప్యాయంగా మాట్లాడుకున్నాం.

కీర్తన నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది. "అక్కా, అమ్మమ్మ కనబడట్లేదు."

"వంటల దగ్గర ఉంటారులే."

"చిన్న మావయ్య కూడా లేడు."

"ఆయన కూడా వంటల దగ్గరే ఉంటాడు."

"ఒక్కసారి ఎవరి ఫోనైనా అడిగి కనుక్కుందాం అక్కా" అన్నాడు దావీదు.

"ఫోనా?" అన్నాను. ఆ ఒక్క మాటతో వాడు వెనక్కి తగ్గాడు. తగ్గకుండా ఉంటే ఎంత బాగుండేది!

దూరంగా ఎక్కడో ఇంకో మైకు వినబడుతోంది. గాలికి మాటలు తెలియడం లేదు. పక్క ఊళ్లో ఏదో కార్యక్రమం అనుకున్నాను. "బెజవాడ నుంచి రావలసిన క్వయర్ వారు ఎక్కడున్నా వెంటనే మందిరానికి రావలసిందిగా కోరుచున్నాము" అని తిరనాళ్లలో తప్పిపోయిన పిల్లల్ని పిలిచినట్టు మమ్మల్నే పిలుస్తున్నారట. చిన్న మావయ్య మా అందరి నంబర్లకీ వరసపెట్టి ఫోన్లు చేస్తున్నాడట. ఆ కాల్సన్నీ గవర్నర్‌పేట బీరువాలో మోగాయి. "లోపల రకరకాల పాటలమ్మా! మీరు టూర్‌కి వెళ్లకుండా బీరువాలో ప్రాక్టీసు చేస్తన్నారేమో అనుకున్నా" అన్నాడు తర్వాత వాచ్‌మన్ బాబాయి.

ఇక్కడ స్టేజీ ముందు పాస్టరమ్మగారు ఒక స్టాండు మీద ఫోను బిగించారు. యూట్యూబ్‌లో లైవ్ పెడతారట. అది చూడగానే నాకు ఎక్కడో గుచ్చుకుంది. రెండు పాటలు బ్రహ్మాండంగా కుదిరాక, మూడోదానికి ముందు మైకు నేనందుకున్నాను. ఎవరూ అడగలేదు. అయినా అందుకున్నాను.

"ప్రియమైన సంఘమా! ఈ కాలంలో యువత సెల్ ఫోనుకి బానిసైపోయింది. కానీ ఇక్కడ నిలబడ్డ మా పిల్లల్లో ఒక్కరి దగ్గర కూడా ఫోను లేదు! నా దగ్గరా లేదు! ఆఖరికి మా డ్రైవరుగారి దగ్గర కూడా లేదు!"

జనం చప్పట్లు కొట్టారు. వెంకటేశ్వర్లుగారు షామియానా గుంజకి ఆనుకుని చేతులు కట్టుకున్నాడు.

"చాలామంది అన్నారు, ఫోను లేకపోతే దారి తప్పిపోతారని. మేం తప్పామా? ఏ ఫోనూ లేకుండా దేవుడు మమ్మల్ని సరిగ్గా రావలసిన చోటికే తీసుకొచ్చాడు!"

"ఆమేన్!" అన్నారు పాస్టరుగారు.

"ఆమేన్!" అంది సంఘమంతా. నా జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ మాట్లాడలేదు.

అవతలి మందిరంలో అదే సమయానికి మరియమ్మగారు తల వంచుకుని కూర్చున్నారు. ఏదమ్మా నీ మనవరాలు అని అందరూ అడుగుతుంటే ఆవిడకి ఏడుపొక్కటే తక్కువట. ఆ పక్కనే చిన్న కోడలు ఫోను తీసి ఊరి మొదటి మందిరం లైవ్ పెట్టింది. పాటల మీద భక్తితో కాదు, అక్కడికి జనం ఎంతమంది వచ్చారో చూద్దామని. చూస్తే ఏముంది? తెర మీద నేను, నా వెనక వరసలో కీర్తన.

ఇక్కడ కీర్తన పాట వంతు వచ్చింది. పిల్ల మైకు పట్టుకుంది, జనమంతా వెతికింది, కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది.

"అమ్మమ్మ లేదక్కా. నేను పాడను."

"అదిగో, రెండో వరసలో, తెల్లచీర."

"ఆవిడ మా అమ్మమ్మ కాదక్కా!"

"అందరూ అమ్మమ్మలేనే తల్లీ, పాడు!" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే మొట్టుకుంటాను.

దావీదు మొదటి స్వరం నాలుగోసారి వాయిస్తుండగా గేటు దగ్గర మోపెడ్ ఆగింది. చిన్న మావయ్య నడుపుతున్నాడు, వెనక పక్కకి తిరిగి కూర్చుని ఒక పెద్దావిడ. దాని వెనక సగం ఊరు, కొందరు సైకిళ్ల మీద, మిగతావాళ్లు గబగబా నడుస్తూ. పెద్దావిడ దిగి, కొంగు బిగించి, జనాన్ని పాయలు చేసుకుంటూ నేరుగా నా దగ్గరికొచ్చారు.

"సువార్తంటే నువ్వేనా?"

"అ… అవునండి."

"నా మనవరాల్ని నా ముందుకి తెస్తానని పూచీ పడింది నువ్వేనా?"

"నేనేనండి."

ఆవిడ, నా ప్రసంగం దగ్గర ఆపి తెచ్చిన కోడలి ఫోను పైకెత్తి నా మొహం ముందు పెట్టి, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కారు. ఫుల్ సౌండు. పక్కనే మైకు.

"ఏ ఫోనూ లేకుండా దేవుడు మమ్మల్ని సరిగ్గా రావలసిన చోటికే తీసుకొచ్చాడు!" అని నా గొంతే ఊరంతటికీ వినిపించింది.

ఈసారి ఎవరూ ఆమేన్ అనలేదు. షామియానా ఎగిరిపోతుందేమో అన్నంత నవ్వు. వెంకటేశ్వర్లుగారైతే గుంజ పట్టుకుని కిందికి జారిపోయాడు. పాస్టరుగారు నవ్వలేదు పాపం, ఆయన ఇంకా లెక్క తేల్చుకుంటున్నారు.

"అయితే అమ్మగారూ, మీరు ఏలూరు నుంచి రావలసిన క్వయర్ కాదా?"

"కాదండి."

"వాళ్ల బండి గన్నవరం దగ్గర ఆగిపోయిందన్నారు. మీరేమో బాగైందన్నారు?"

"మా బండికసలు ఏమీ కాలేదండి."

"మరెందుకన్నారమ్మా?"

"మీరంత ప్రేమగా అడిగారు కదండీ. కాదంటే బాగుండదని…"

ఆయనా కుర్చీలో కూలబడి కళ్లజోడు తీసి నవ్వారు.

ఈ గొడవలో మైకు పట్టుకుని బిక్కచచ్చి నిలబడ్డ కీర్తనని ముందు గమనించింది అమ్మమ్మే. "ఏడుపెందుకే పిచ్చిమొహమా? వచ్చానుగా. ఏ మందిరమైతే ఏంటి, పాడు" అని ముందు వరసలో కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కీర్తన ముక్కు ఎగబీల్చి, అమ్మమ్మ కళ్లలోకి చూస్తూ మొదలుపెట్టింది. అంత బాగా ఆ పిల్ల ప్రాక్టీసులో ఒక్కసారి కూడా పాడలేదు. రెండు మందిరాల జనం ఊపిరి బిగబట్టి విన్నారు. మరియమ్మగారి చెంపల మీద నీళ్లు కారిపోతుంటే తుడుచుకోవడం కూడా మర్చిపోయారు. నేను స్టేజీ పక్కన నిలబడి సిగ్గుతో చచ్చిపోతూ, అదే సమయంలో సంతోషంతో ఏడ్చాను. ఈ పిల్ల పాట నా తెలివితక్కువతనం వల్ల పోలేదు కదా అన్న ఒక్క ఊరట చాలు నాకు.

పాస్టరమ్మగారు భోంచెయ్యకుండా కదలనివ్వలేదు. కదిలాక వంతెన అవతలి మందిరంలో మళ్లీ మొదటినుంచీ పాడాం, మళ్లీ భోంచేశాం. రెండోచోట నేను మైకు ముట్టుకోలేదు. ముట్టుకుందామన్నా దావీదు ఇవ్వలేదు.

మరుసటి డిసెంబరులో రెండు మందిరాలూ మమ్మల్ని పిలిచాయి. రెండు కరపత్రాలు వచ్చాయి. రంగులు వేరు, వాక్యాలు వేరు, పాస్టర్లు వేరు. కానీ ఇద్దరూ కూడబలుక్కున్నట్టు అడుగున పెద్ద అక్షరాలతో ఒకే ముక్క వేయించారు: 'ముఖ్య గమనిక: క్వయర్ వారు తప్పనిసరిగా సెల్ ఫోన్లతో రాగలరు.'

కాబట్టి సమస్త సంఘాలకు, యువజన క్వయర్లకు, వారి తల్లిదండ్రులకు ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నదేమనగా: గవర్నర్‌పేట వాస్తవ్యురాలు సువార్త అను నేను, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ప్రాణి చేతిలోంచీ ఫోను లాక్కోను. ఏ మందిరంలోనూ, అది మా సొంత మందిరమైనా సరే, 'ఇది ఏ మందిరమండీ' అని ముగ్గురిని అడగనిదే సాక్ష్యం చెప్పను.